మీట నొక్కినా లేవని కంప్యూటరు



ఈ శీర్షికలో ఇంతవరకు మిక్సీలు, కుట్టుమిషన్లు, పొలము మోటార్లు గురించి వ్రాస్తూ వచ్చాను. కంప్యూటరు జోలికి పోలేదు. మన పాఠకులలో చాలామంది పల్లెలవారు గనుక ఆ అవసరం అంతగా రాదని అనుకున్నాను. అది పొరపాటని బొబ్బిలి వైపు పల్లెనుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం చూశాక తెలిసింది. ఆమె సండే స్కూలు టీచరు. పట్టణపు సంఘంవారు తమ పాత కంప్యూటరు ఒకటి వారి సంఘానికి ఇచ్చారట. నెల రోజులు చక్కగా పనిచేసి ఒక ఉదయం మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదట. బాగుచేసేవారిని అడిగితే లోపల ముఖ్యమైన బోర్డు పోయింది, అయిదు వేలు అవుతుంది అన్నారట. "అయిదు వేలు మా సంఘానికి నాలుగు నెలల కానుకలు. ఇవ్వమంటారా, మానమంటారా?" అని అడిగారు.

ఇవ్వవద్దు అమ్మా, అప్పుడే ఇవ్వవద్దు. ఎందుకు అంటున్నానో చెప్పాలంటే మల్కాపురంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

విశాఖపట్నంలో మల్కాపురం తెలియనివారికి రెండు మాటలు. ఒకవైపు ఓడల కార్ఖానా, ఒకవైపు చమురు శుద్ధి కర్మాగారం, నడుమ కార్మికుల ఇండ్లు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిన సింధియా వారి ఓడల కార్ఖానాయే నేటి హిందుస్థాన్ షిప్‌యార్డు. అక్కడ కట్టిన జలఉష ఓడను 1948 మార్చి 14న నెహ్రూగారు నీటిలోకి దింపారు. చమురు కర్మాగారం 1957లో కాల్టెక్సు పేరుతో మొదలైంది. ఈ ఊరి గాలిలో ఉప్పు ఉంది, తేమ ఉంది. కిటికీ ఊచలకు ఈ ఏడాది రంగు వేస్తే మరుసటి ఏడాదికి తుప్పు పైకి వస్తుంది. మనిషి కంటే ముందు ఇనుము ముసలిదయ్యే చోటు అది. కంప్యూటరు మాత్రం ఏపాటిది?

గత సంవత్సరం జూలైలో ఒక శనివారం సాయంత్రం అక్కడి ఒక సంఘకాపరిగారు ఫోను చేశారు. సంఘపు ఆఫీసు కంప్యూటరు లేవడం లేదు, వీలైతే రమ్మన్నారు. రేపు ఆరాధనలో పాటలు తెరమీద వేయడానికి కాబోలు, పాటల పుస్తకాలు పట్టుకుని పాడితే మాత్రం ప్రభువు వినడా అని మనసులో విసుక్కుంటూనే బస్సెక్కాను. వెళ్లి చూస్తే సంగతి వేరు.

ఆఫీసు గది బయట బెంచీ మీద ఒక సహోదరి కూర్చుని ఉంది. భర్త కాంట్రాక్టు పనివాడు, ఆ మధ్యనే ప్రభువునందు నిద్రించాడు. కుటుంబ పెన్షను కాగితాలకు పెండ్లి రుజువు అడుగుతున్నారు. పెండ్లి ఈ దేవాలయములోనే జరిగింది. జరిగినట్టు రిజిష్టరులో వ్రాసి ఉంది. కానీ ఆ రిజిష్టరు ఏమైనదో ఆ ఊరివారెవరికీ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. ఆ గాలికి ఆఫీసు గదిమీది రేకులు లేచిపోయాయి. బీరువా తలుపు వంగి వాన లోపలికి కొట్టింది. నీలం సిరాతో వ్రాసిన పేజీలు ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తే నీలిమరక తప్ప అక్షరం లేదు.

అయితే తుఫానుకు మూడేళ్ల ముందు యౌవనస్థుల సమాజంలోని ఒక తమ్ముడు, చెదల భయంతో, ఆ రిజిష్టర్లన్నీ కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించాడు. ఆ తమ్ముడు తరువాత ఉద్యోగం మీద గల్ఫు వెళ్లిపోయాడు. తుఫాను రోజున కంప్యూటరు కాపరిగారింటి లోపలి గదిలో ఉండి బ్రతికింది. రెండవ ప్రతి తీసి పెట్టాలని ఎవరికీ తోచలేదు. అంటే ఆ సంఘములో ఎన్నో ఏళ్లపాటు జరిగిన బాప్తిస్మములు, పెండ్లిండ్లు, సమాధి కార్యక్రమాలు ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె ఇప్పుడు లేవడం లేదు.

"షాపువాళ్లు ఫోనులోనే చెప్పేశారన్నా, మదర్‌బోర్డు పోయిందట. కొత్తది కొనుక్కోమన్నారు" అన్నాడు అక్కడున్న కుర్రవాడు. చూడకుండానే రోగం చెప్పిన వైద్యుడన్న మాట!

ఆ గదిలో ఇంకొకరు ఉన్నారు. షిప్‌యార్డులో ఎలక్ట్రీషియనుగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన సంఘపెద్ద. కంప్యూటరు ముట్టుకున్నవారు కారు. చేతిలో పాత మీటరు పట్టుకుని వచ్చారు. ఆయన అన్నమాట నాకు ఇన్నేళ్ల రిపేరు పనిలో ఎవరూ అంత తేలికగా చెప్పలేదు. "దీని సంగతి నాకు తెలీదు గాని బాబూ, ఓడలో దీపం వెలగకపోతే మేం దీపాన్ని తిట్టం. సప్లయి ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ వెళ్తాం. ఎక్కడ ఆగిందో అక్కడే రోగం."

అలాగే మొదలుపెట్టాము. గోడ సాకెట్టులో ఒక టేబులు దీపం పెట్టి చూశాం. వెలిగింది. సాకెట్టునుండి వచ్చే పొడుగు బాక్సులో పెట్టాం. వెలిగింది. బాక్సునుండి యూపీఎస్‌కు వెళ్లి, యూపీఎస్ వెనుక దీపం పెట్టాం. వెలగలేదు. అయిదు నిమిషాలైనా కాలేదు, మొదటి రోగం దొరికింది. యూపీఎస్ లోపల 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. రెండు మూడు ఏళ్లకు, ఎక్కువగా కరెంటు పోయే చోట ఇంకా ముందే, అది చచ్చిపోతుంది. బ్యాటరీ చచ్చిన యూపీఎస్‌లు కొన్ని, గోడలో కరెంటు ఉన్నా, దాన్ని ముందుకు పంపవు. కంప్యూటరు ఏ పాపమూ ఎరుగదు, దానికి అన్నమే అందలేదు. బొబ్బిలి సహోదరీ, మీరు చేయవలసిన మొదటి పని ఇదే. యూపీఎస్‌ను, పొడుగు బాక్సును పక్కన పెట్టి, కంప్యూటరు తీగను నేరుగా గోడకు పెట్టి చూడండి.

అప్పటికీ ఉలుకు లేకపోతే ఇంకొన్ని చూడాలి. వెనుక తీగ గట్టిగా దిగిందా? అదే రకం తీగ మానిటరుకూ ఉంటుంది, అటుదిటు మార్చి చూడండి. వెనుక చిన్న నల్ల మీట ఉంటే అది గీత గుర్తు వైపు ఉన్నదా, సున్న వైపు ఉన్నదా? ఊడ్చేటప్పుడు చీపురు తగిలి సున్న వైపుకు పోయిన మీటలు నేను చాలా చూశాను. పాతవాటికి అక్కడే ఎర్రని మీట ఒకటి 115, 230 అంకెలతో ఉంటుంది. అది 230 దగ్గరే ఉండాలి. పిల్లలు దాన్ని 115కు జరిపి ప్లగ్గు పెడితే టప్పుమని పేలుతుంది. ఇవన్నీ సరిగా ఉంటే ప్లగ్గు తీసేసి, ముందు మీటను అరనిమిషం నొక్కి పట్టుకుని, తిరిగి పెట్టి చూడండి. లోపల మిగిలిన కొద్దిపాటి కరెంటు కారిపోయి ఒక్కొక్కసారి దానంతట అదే సర్దుకుంటుంది. ప్రార్థన చేసి మీట నొక్కేవారిని నేను ఎగతాళి చేయను, ప్లగ్గు చూసి ప్రార్థించమంటాను.

ఇంకొక మాట. పెట్టె ఇనుము మీద చెయ్యి పెడితే జిల్లుమంటుంటే అది కంప్యూటరు జబ్బు కాదు, మీ సాకెట్టుకు ఎర్తు లేదు. పల్లెలలో మూడో రంధ్రం అలంకారానికి ఉంటుంది. ముందు ఆ పని చేయించండి. ఇది యంత్రం కోసం చెప్పడం లేదు, పిల్లలు ముట్టుకుంటారు గనుక చెప్తున్నాను.

మల్కాపురం సంగతికి వస్తాను. నేరుగా గోడకు పెట్టి మీట నొక్కగానే లోపల ఫ్యాను తిరిగింది. కుర్రవాడు స్తోత్రం అన్నాడు. రెండు సెకన్లు తిరిగి ఆగింది. మళ్లీ తనే తిరిగింది, మళ్లీ ఆగింది. తెర మీద ఏమీ లేదు. స్తోత్రం అన్న కుర్రవాడి ముఖం వాడిపోయింది గాని పెద్దాయన మాత్రం "ఇందాక అదీ లేదు గదా" అన్నారు.

కంప్యూటరు లేచేటప్పుడు లోపల ఏమి జరుగుతుందో కొంచెం తెలిస్తే ఇక్కడినుండి సులువు. దాన్ని ఇంగ్లీషువారు బూట్ అంటారు. తన బూటుకున్న పట్టీలు తానే పట్టుకుని తన్ను తాను పైకి లేపుకోవడం అనే నానుడి నుండి వచ్చిన మాట. బోర్డు మీద చిన్న చిప్పులో కొద్దిపాటి ఆజ్ఞలు శాశ్వతంగా వ్రాసి ఉంటాయి. 1981 ఆగస్టులో ఐబియం కంపెనీ తెచ్చిన మొదటి పర్సనల్ కంప్యూటరు నుండి ఇదే వరుస. కరెంటు రాగానే ఆ ఆజ్ఞలు ముందు మెమరీ ఉన్నదా, తెర ఉన్నదా, కీబోర్డు ఉన్నదా అని హాజరు పిలుస్తాయి. సండే స్కూలులో పిలిచినట్టే. అందరూ పలికితే టక్కుమని ఒక్క చిన్న కూత కూసి, హార్డ్ డిస్కులో ఉన్న విండోస్‌ను పిలుస్తాయి. ఎవరైనా పలకకపోతే కూతలు మారతాయి. పొడుగు కూత ఒకటి, పొట్టివి కొన్ని, ఇలా. ఆ లెక్క ఒక్కో తయారీదారుకు ఒక్కో రకం. మీ బోర్డు మీద ఉన్న పేరు చూసి అడగాలి. కూసే స్పీకరే లేని పెట్టెలూ ఉన్నాయి, మల్కాపురం పెట్టె ఆ జాతిది.

ఫ్యాను తిరిగి ఆగి తిరిగి ఆగుతుంటే మొదట అనుమానించవలసింది మెమరీ బద్దలను. పక్క రేకు విప్పాము. ప్లగ్గు పూర్తిగా తీశాకే విప్పాలి. ముందు పెట్టె ఇనుమును ఒకసారి చేత్తో తాకాలి. మన ఒంటిమీది నిలవ కరెంటు చిప్పులకు చెడుపు చేస్తుంది. ఒక హెచ్చరిక. లోపల తీగల కట్ట బయలుదేరే ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది, అది ఎస్.ఎం.పి.ఎస్. దాన్ని ఎన్నడూ విప్పవద్దు. గోడలో 230 వోల్టులే గాని ఆ డబ్బాలోని కెపాసిటర్లలో 300 వోల్టులు దాటి నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసినా కొంతసేపు పోదు.

లోపల ఏముంది అనుకున్నారు? రెండు బల్లి గుడ్లు, అరంగుళం దుమ్ము. దుమ్ముకు సముద్రపు తేమ తోడై చాపలాగా పేరుకుంది. మెత్తటి రంగుల కుంచెతో దులిపాము. ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని దులపాలి. దులుపుతూ బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న చిన్న గొట్టాలను చూశాను. వాటి నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు ఆయుష్షు తీరినట్టే. 1999 నుండి 2007 వరకు లోకమంతటా నాసిరకం కెపాసిటర్లు బోర్డులకెక్కి లెక్కలేనన్ని కంప్యూటర్లు ఈ ఉబ్బుతోనే పోయాయి. ఇది 2010లో కొన్నది. నెత్తులన్నీ చదునుగానే ఉన్నాయి. షాపువారు ఫోనులో చంపేసిన బోర్డు బ్రతికే ఉంది.

పెద్దాయన ఊరుకోలేదు. ప్లగ్గు పెట్టించి మీటరు ముల్లు పసుపు తీగ దగ్గర ఆనించి, నల్ల తీగకు రెండోది ఆనించి, "పన్నెండు ఉండాలన్నావు, పదకొండున్నర ఉంది" అన్నారు. 11.4 నుండి 12.6 వరకు పరవాలేదు. అంటే సప్లయి బోర్డుదాకా వచ్చింది. ఇక ఆగింది ఆ తరువాతే.

లూకా సువార్త పదిహేనవ అధ్యాయములో ఒక స్త్రీ సంగతి ఉంది గదా. పది నాణెములలో ఒకటి పోయింది. ఆమె ఇల్లు మారలేదు. ఇల్లంతా ఒక్కసారి తిరగవేయనూ లేదు. దీపం వెలిగించుకుని, ఊడ్చుకుంటూ, దొరికేదాకా వెదికింది. రిపేరు చేసే ప్రతివాడికీ ఆమె గురువు అంటాను. మనవాళ్లు ఏమి చేస్తారంటే తీగలన్నీ ఒక్కసారి పీకి, అన్నీ తిరిగి గుచ్చి, లేస్తే హల్లెలూయ అంటారు. ఏది బాగుపడిందో తెలియదు గనుక వారం తరువాత మళ్లీ అదే కథ. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి.

మెమరీ బద్దలు రెండున్నాయి. రెండు పక్కల తెల్లని కొక్కేలు నొక్కి పైకి తీశాం. అడుగున బంగారు పూత వేసిన పళ్లు ఉంటాయి. బంగారం తుప్పు పట్టదు గాని దానిమీద మురికి పొర కట్టి కరెంటును అడ్డగిస్తుంది. బడిపిల్లలు పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో ఆ పళ్లను మెల్లగా తుడిచి, రజను లేకుండా ఊది, ఒక్క బద్దనే తిరిగి పెట్టాం. రెండు కొక్కేలూ టక్కుమని పడేదాకా నొక్కాలి. మీట నొక్కితే అదే తిరగడం, అదే ఆగడం. దాన్ని తీసి రెండోది పెట్టాం. ఈసారి ఫ్యాను ఆగలేదు. నాలుగు సెకన్ల తరువాత తెర మీద తెల్లని అక్షరాలు పడ్డాయి. మొదటి బద్ద చచ్చిపోయింది, రెండోది బ్రతికింది. సగం మెమరీతో కొంచెం నెమ్మదిగా నడుస్తుంది, అంతే.

బయట బెంచీ మీది సహోదరి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "లేచినాదేటి బాబూ?" అని అడిగింది. లేచిందమ్మా గాని ఇంకా కళ్లు తెరవలేదు అన్నాను.

ఎందుకంటే తెర మీది అక్షరాలలో తేదీ 2009 జనవరి 1 అని ఉంది. అమరికలు చెరిగిపోయాయి, ముందుకు పోవడానికి ఎఫ్1 నొక్కు అని ఉంది. నొక్కాము. విండోస్ గుర్తు వచ్చింది, వెనువెంటనే తెరంతా నీలమై, మళ్లీ మొదటికి వచ్చింది. మూడుసార్లు అంతే.

అప్పుడు కుర్రవాడు సీడీ ఒకటి తీసి, "విండోస్ పాడైందన్నా, ఫార్మాటు కొట్టి కొత్తగా వేసేద్దాం, గంటలో అయిపోతుంది" అన్నాడు. నిజమే, గంటలో అయిపోయేది. ఎన్నో ఏళ్ల రిజిష్టరు కూడా గంటలో అయిపోయేది. నేను ఆ సీడీ తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ప్రియులారా, ఈ వ్యాసములో మిగిలినదంతా మరచిపోయినా ఇది గుర్తుంచుకోండి. లేవని కంప్యూటరులో మీకు కావలసినది ఏదైనా ఉంటే, ఫార్మాటు అనే మాట ఎవరు పలికినా వారి చెయ్యి పట్టుకోండి. పుస్తకం తెరుచుకోవడం లేదని పేజీలు కాల్చినట్టు అది.

తేదీ వెనక్కి పోయిందంటే బోర్డు మీద నాణెమంత బ్యాటరీ అయిపోయిందని గుర్తు. దాని పేరు సి.ఆర్. 2032. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2, అందుకే ఆ అంకె. కొత్తగా ఉన్నప్పుడు మూడు వోల్టులు. పెద్దాయన మీటరు పెడితే ఒకటిన్నర కూడా లేదు. ప్లగ్గు తీసి ఉంచినప్పుడు గడియారాన్ని, అమరికలను జ్ఞాపకం ఉంచుకోవడానికి ఆ బ్యాటరీ. అది పోతే బోర్డు తన పాత అమరికలన్నీ మరచి, ఫ్యాక్టరీలో పుట్టినప్పటి అమరికలకు పోతుంది. చిక్కేమిటంటే, హార్డ్ డిస్కుతో మాట్లాడే పద్ధతులు రెండున్నాయి, ఐడిఈ, ఏహెచ్‌సిఐ అని. విండోస్ ఏ పద్ధతి మీద వేసి ఉంటే ఆ పద్ధతిలోనే లేస్తుంది. బోర్డు మరుపులో పద్ధతి మారిపోయింది. విండోస్ తన ఇంటికి తానే దారి కనుక్కోలేక నీలమైపోతోంది.

లేచేటప్పుడు డిలీట్ మీట నొక్కుతూ ఉంటే అమరికల పేజీ వస్తుంది, కొన్నింటిలో ఎఫ్2. ఏదైనా మార్చేముందు ఆ పేజీలను సెల్‌ఫోనుతో ఫోటో తీసుకోండి. తిరిగి రావడానికి దారి ఉండాలి గదా. డిస్కు పద్ధతి ఐడిఈ అని ఉన్నదాన్ని ఏహెచ్‌సిఐ చేసి, తేదీ సరిచేసి, దాచి బయటికి వచ్చాం. విండోస్ గుర్తు వచ్చింది.  ఎవరమూ మాట్లాడలేదు. తెర మీద ఆ దేవాలయపు ఫోటో వచ్చింది.

నీలం బదులు "లేచే డిస్కు లేదు" అని వచ్చేవారికి ఒక మాట. ముందు వెనుకవైపు చూడండి, ఎవరైనా పాటల పెన్‌డ్రైవు మరచిపోయారేమో. కంప్యూటరు దానిలో విండోస్ వెదుకుతూ ఉండవచ్చు. అది లేకపోతే డిస్కుకు పోయే రెండు తీగలు గట్టిగా ఉన్నాయా చూడండి. డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంటే మాత్రం మళ్లీ మళ్లీ మీట నొక్కవద్దు. నొక్కిన ప్రతిసారీ మిగిలిన అక్షరాలు గీరుకుపోతాయి. దాన్ని ఆపి, తెలిసినవారి దగ్గరకు తీసుకుపోవాలి.

మల్కాపురంలో ఆ రాత్రి ప్లగ్గు తీయనివ్వలేదు నేను. ప్లగ్గు ఉన్నంతసేపు ఆ చచ్చిన బ్యాటరీతో పని లేదు. ముందు రిజిష్టర్ల ఫోల్డరును పెన్‌డ్రైవులోకి, దానినుండి కుర్రవాడి లాప్‌టాప్‌లోకి ఎక్కించాం. పాటలు, ఫోటోలు ఆ తరువాత. లాప్‌టాప్‌లో తెరిచి చూస్తే ఇంకో వింత. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా ఉన్నాయి. కాపరిగారు తల పట్టుకున్నారు. భయపడనక్కరలేదు. ఆ తమ్ముడు డి.టి.పి. షాపులలో వాడే పాత ఫాంట్లతో టైపు చేశాడు. ఆ ఫాంటు లేని చోట అది అలాగే కనబడుతుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది గాని మన అచ్చు షాపులు, మన సంఘపు ఆఫీసులు ఆ సంగతి చాలా ఏళ్లు పట్టించుకోలేదు. పాత కంప్యూటరులోని ఫాంట్ల ఫోల్డరును కూడా తెచ్చి లాప్‌టాప్‌లో వేస్తే తెలుగు తిరిగి వచ్చింది. మీ సంఘములో పాత తెలుగు ఫైళ్లు ఉంటే ఫాంట్లను కూడా దాచండి. అన్నిటికంటే మేలు, కంప్యూటరు లేస్తూ ఉండగానే పిడిఎఫ్ చేసుకోవడం, కాగితం మీద తీసి కుట్టించుకోవడం.

రాత్రి ఎనిమిది దాటింది. కాపరిగారు ఆ సహోదరిని లోపలికి పిలిచి తేదీ అడిగారు.

"తేదీ నానేటి సెప్పను అయ్యగారూ? ఎండల్లో అయినాది. ఈస్టరు ఎల్లిపోనాక. మా పెద్దోడికి ఇప్పుడు ఇరవై."

దాన్నిబట్టి రెండేళ్ల పేజీలు వెదకవలసి వచ్చింది. సాక్షి సంతకాల వరుసలో ఆమె అన్నగారి పేరు మొదట కుర్రవాడి కంట పడింది. ఆ పైనే ఇద్దరి పేర్లు, వయసులు, తండ్రుల పేర్లు, మే నెల తేదీ, వరుస నంబరు. ఆమెకు చదువు రాదు. "ఆయన పేరు సదవండి బాబూ" అంది. కుర్రవాడు చదివాడు. ఇంకొకసారి చదవమంది.

ఆ టైపు చేసిన పేజీ ఒక్కటే ఆఫీసులో చెల్లదని కాపరిగారికి తెలుసు. అయితే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సు పొందిన కాపరి చేసిన పెండ్లి రెండు చోట్ల వ్రాయబడుతుంది. ఒకటి సంఘపు పుస్తకములో ఉంటుంది, రెండవది వివాహ రిజిస్ట్రారు ద్వారా ప్రభుత్వపు రికార్డుకు వెళ్తుంది. అక్కడ వెదికించి నకలు తీసుకోవచ్చు. వెదికించడానికి కావలసినవి తేదీ, పేర్లు, వరుస నంబరు. అవే ఇంతసేపూ లేనివి. కాపరిగారు వాటిని సంఘపు ముద్రగల కాగితం మీద వ్రాసి ఇచ్చారు. నకలు రావడానికి రెండు నెలలు పట్టింది, మూడుసార్లు తిరగవలసి వచ్చింది, వచ్చింది.

బొబ్బిలి సహోదరీ, మీ ప్రశ్నకు తిరిగి వస్తాను. యూపీఎస్ తప్పించి చూడండి, మెమరీ బద్దలు రబ్బరుతో తుడిచి ఒక్కొక్కటిగా పెట్టి చూడండి, తేదీ వెనక్కి పోతే ఆ నాణెం బ్యాటరీ మార్చండి, దాని ధర కొద్ది రూపాయలే. ఈ మూడింటికీ లేవకపోతే షాపుకు ఇవ్వండి. ఇచ్చేముందు హార్డ్ డిస్కు విప్పించి ఇంట్లో దాచుకోండి. బోర్డు బాగుచేయడానికి డిస్కుతో పని లేదు. పాత కంప్యూటరుకు అయిదు వేలు పెట్టాలా వద్దా అన్నది ఆ తరువాత మీ సంఘపెద్దలు కూర్చుని చూసుకోవలసిన లెక్క. వాన, పిడుగుల కాలములో మీట ఆర్పి ఊరుకోకుండా ప్లగ్గే తీసేయండి, నెట్టు తీగ ఉంటే అదీ తీయండి.

మల్కాపురం పెట్టె ఇంకా పనిచేస్తోంది. దానిలో ఉన్నది విండోస్ 7, దానికి కంపెనీవారి సంరక్షణ 2020 జనవరిలోనే ఆగిపోయింది గనుక ఇంటర్నెట్టు తగిలించవద్దని చెప్పాను. రిజిష్టర్ల ప్రతులు ఇప్పుడు మూడున్నాయి. ఒకటి కాపరిగారి దగ్గర, ఒకటి స్త్రీల సమాజపు సెక్రెటరీగారింట్లో, మూడవది కాగితం మీద తీసి కుట్టించి బీరువాలో పెట్టారు. బీరువాకు కొత్త తలుపు పెద్దాయనే దగ్గరుండి పెట్టించారు. ఉప్పుగాలికి అది అప్పుడే కీళ్ల దగ్గర ఎర్రబడుతోందట, రంగు వేయించాలి అని మొన్న ఫోనులో అన్నారు.